ప్రీక్వెల్‌లో హీరో ఎందుకు తేలిపోతాడు?

సినిమా పేజీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

సైన్స్ ఫిక్షన్ ప్రీక్వెల్స్ (పాత సినిమాకు ముందు జరిగిన కథ చెప్పే సినిమాలు), ఎక్కువగా 'స్టార్ వార్స్' వాటి మీద తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో గ్రాఫిక్స్ ఊసు దాదాపు లేదు. అందరి పేచీ పాత్రలతోనే. ఒకే సంగతి ఇద్దరు ముగ్గురు అడిగిన చోట ఒక ప్రశ్నగా కలిపాం. ముందే ఒక హెచ్చరిక: కింద అన్ని కథల ముగింపులూ బయటపెట్టేశాం. చూడనివాళ్లు చూసొచ్చి చదువుకోండి.

ప్రశ్న: డార్త్ వేడర్ అంటే నాకు ప్రాణం. పాత మూడు సినిమాల్లో ఆయన నడిచొస్తేనే ఒళ్లు జలదరిస్తాది. అట్లాంటోడు మొదట్లో ఎట్లుండేవాడో చూపిస్తామని మూడు సినిమాలు తీసి, ఊరికే అలిగే పిల్లోడిని చూపిచ్చినారు. చివర్లో ఐదు నిమిషాల్లో చెడ్డోడైపోయినాడు. తప్పు నటుడిదా, రాసినోళ్లదా? (డిగ్రీ విద్యార్థి, బాలాజీ కాలనీ, తిరుపతి)

జవాబు: ఎక్కువ భాగం రాతదే. ఆ కుర్రవాడిగా చేసిన హేడెన్ క్రిస్టెన్సన్‌కు నటన రాదనేవాళ్లు 'రివెంజ్ ఆఫ్ ది సిత్' (2005)లో ఒక దృశ్యం మళ్లీ చూడాలి. పొద్దుగూకే వేళ అనకిన్ (వేడర్ అసలు పేరు) జెడై యోధుల ఆలయంలో ఒంటరిగా ఉంటాడు, భార్య పద్మే తన ఇంట్లో ఉంటుంది. నగరం అంత దూరం మధ్యలో పెట్టుకుని ఇద్దరూ ఒకరివైపు ఒకరు చూస్తున్నట్టు ఉంటుంది. వాళ్లిద్దరి మధ్యా ఒక్క మాట లేదు, అయినా వాడి భయం మొత్తం మనకు అందుతుంది. అదే నటుడు 'అటాక్ ఆఫ్ ది క్లోన్స్' (2002)లో ఇసుక గరుకుగా ఉంటుందని ప్రేమ మాటలు చెబుతుంటే థియేటర్ నవ్వింది. ఆ మాటలు ఎవరి నోట పెట్టినా నవ్వులే వచ్చేవి.

అసలు లోపం మూడు చోట్ల ఉంది. మొదటిది 'ది ఫాంటమ్ మెనేస్' (1999). అందులో అనకిన్ వయసు 9 ఏళ్లు. సినిమా మొదలై అరగంట దాటితేగానీ తెర మీదికి రాడు. చివరి యుద్ధంలో శత్రువుల పెద్ద ఓడను పేల్చేది వాడే. కానీ ఆటోపైలట్ వాణ్ణి అక్కడికి మోసుకుపోతుంది, తెలిసీ తెలియక టార్పిడోలు వదులుతాడు, ఓడ పేలిపోతుంది. అంటే వాడి మొదటి ఘనకార్యంలో వాడి నిర్ణయం లేదు. రేపు ఇంత భయంకరుడు కాబోయే వాడి కథ యాదృచ్ఛికంతో మొదలైంది.

రెండోది తల్లి చావు. రెండో భాగంలో అమ్మను చంపిన టస్కెన్ అనే ఎడారి తెగ గుంపును ఆడవాళ్లు, పిల్లలతో సహా నరికేస్తాడు. ఇదే అసలు మలుపు. కెమెరా మాత్రం మొదటి వేటు దగ్గరే ఆగి జెడై గురువు యోడా ముఖం మీదికి వెళ్లిపోతుంది. తర్వాత వాడే వచ్చి పద్మేకి ఏడుస్తూ చెబుతాడు. కోపం రావడం మనిషి గుణమేనని ఆమె ఓదారుస్తుంది. ఎవరూ అడగరు, శిక్ష లేదు, జెడై మండలికి తెలియదు, ప్రేమకు అడ్డు కాలేదు. ఇంత పెద్ద పాపం కథలో ఏదీ మార్చకపోతే ప్రేక్షకుడి లెక్కలోకీ రాదు. అందుకే మూడో భాగంలో పిల్లల్ని చంపినప్పుడు 'ఇంత హఠాత్తుగానా' అనిపిస్తుంది. నిజానికి అది రెండోసారి.

మూడోది అనకిన్‌ను చెడు వైపు లాగే పాలకుడు పాల్పటీన్ గది. పాల్పటీన్‌ను చంపబోయిన జెడై విండూ చెయ్యి నరికి 'నేనేం చేశాను' అని కుంగిపోయినవాడు అదే గదిలో మోకాళ్ల మీద కూర్చుని కొత్త పేరు తీసుకుంటాడు. అక్కణ్ణించి నేరుగా ఆలయానికి, పిల్లల దగ్గరికి. పెళ్లాన్ని బతికించుకోవడానికి పిల్లల్ని ఎందుకు చంపాలి? దయ చూపకపోతేనే ఆమెను కాపాడే శక్తి వస్తుందని పాల్పటీన్ ఒక వాక్యంలో అంటాడు. లంకె ఉంది గానీ ఆ ఒక్క వాక్యం అంత బరువు మోయలేదు. మధ్యలో ఇంకో మెట్టు ఉండాల్సింది. తనకు తెలిసిన ఒక జెడై ఎదురొచ్చి అడిగితే అబద్ధం చెప్పడమో, పారిపోయే వాణ్ణి అడ్డుకోవడమో, ఏదో ఒక చిన్న తప్పు.

సరిగ్గా కుదిరిన దృశ్యం ఎట్లా ఉంటుందో అదే సినిమాలో ఉంది, నాటకశాలలో పాల్పటీన్ తన గురువుల కాలపు కథ చెప్పే ఘట్టం. ఇద్దరూ కూర్చునే ఉంటారు. ఒకరు ఎర వేస్తారు, ఇంకొకరు మింగుతారు. కత్తి లేదు, పరుగు లేదు. పాల్పటీన్‌గా చేసిన ఇయాన్ మెక్‌డియార్మిడ్ గొంతు తగ్గించే కొద్దీ అనకిన్ ముందుకు వంగుతాడు. మొత్తం పతనం అక్కడే జరిగిపోయింది, మిగతాది అమలు.

ప్రశ్న: చివర ఏమయ్యేది ముందే తెలిసినప్పుడు ప్రీక్వెల్ చూడటం దేనికి? పాత్రలు తేలిపోయేది అందుకే కదా? (చంద్రగిరి)

జవాబు: కాదు. మన వైపు ధర్మరాజుల గుళ్లలో 18 రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చివరి రోజు దుర్యోధనుడు చస్తాడని తెలియనివాడు ఆ జనంలో ఒక్కడుండడు. అయినా ఆ రోజే జనం ఎక్కువ. ఏం జరుగుతుందో చూడటానికి కాదు వాళ్లొచ్చేది, వాడు ఎట్లా అంతదాకా తెచ్చుకున్నాడో చూడటానికి.

'రోగ్ వన్' (2016) చూడండి. గ్రహాలనే పేల్చే ఆయుధం డెత్ స్టార్ నమూనాలు తిరుగుబాటుదారులకు చేరతాయని 1977లో వచ్చిన మొదటి 'స్టార్ వార్స్' నుంచే తెలుసు. అందులో ముఖ్యమైనవాళ్లంతా చస్తారు కూడా. అయినా తిరుగుబాటు గూఢచారి కాసియన్ తన మనిషినే కాల్చి పారిపోయే మొదటి దృశ్యం నుంచి వాడేం చేస్తాడో అని చూస్తాం. ముగింపు తెలియడం ప్రీక్వెల్‌కు లోపం కాదు. ఆ ముగింపుకు పాత్ర తన కాళ్ల మీద నడిచి వెళ్లకుండా కథ మెడ పట్టి తోయడం లోపం. కింద వచ్చే జవాబులన్నిట్లోనూ మేం చూసేది ఇదొక్కటే: ఇక్కడ ఎవరు నిర్ణయించారు?

ప్రశ్న: పద్మే మొదటి సినిమాలో రాణి. తుపాకీ పట్టి కోట ఎక్కింది. మూడో సినిమాకొచ్చేసరికి కిటికీ దగ్గర నిలబడి ఏడవడం తప్ప పని లేదు. చివరికి 'బతకాలని లేదు' అని చచ్చిపోయిందంట. ఇద్దరు పసిబిడ్డల్ని కన్న తల్లి అట్లా పోతుందా? నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. (పాఠకురాలు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

జవాబు: మీ కోపం న్యాయమైంది, దానికి కాగితం మీద ఆధారం కూడా ఉంది. మొదటి భాగంలో కథను కదిలించిన నిర్ణయాలు ఎవరివో రాసుకోండి. సెనేట్‌లో ఛాన్సలర్ మీద అవిశ్వాసం పెట్టింది పద్మే. పాల్పటీన్ ఎక్కించాడన్నది నిజమే, పెట్టింది మాత్రం తను. సురక్షితంగా రాజధానిలో ఉండమంటే వినకుండా యుద్ధంలో ఉన్న తన గ్రహానికి తిరిగి వెళ్లింది తను. మారువేషం వదిలేసి తన గ్రహంలోనే ఉండే గుంగన్లనే మరో జాతి నాయకుడి ముందు మోకరిల్లి సాయం అడిగింది తను. గుంగన్ సైన్యం శత్రువును బయట నిలిపి ఉంచుతుంటే లోపలికి వెళ్లి శత్రువుల నాయకుడు వైస్రాయ్‌ను పట్టుకోవాలన్న ఎత్తూ తనదే. 14 ఏళ్ల పిల్ల ఇన్ని చేసింది. ఆ సినిమాకు నాయిక ఆమే, పోస్టర్ మీద ఎవరున్నా సరే.

రెండో భాగంలో సగం సగం. దాక్కోమంటే దాక్కుంది. కానీ అనకిన్ గురువు ఓబీ-వాన్‌ను విడిపించడానికి జియోనోసిస్ గ్రహానికి వెళ్దామన్నది తనే. బలి ఇవ్వడానికి స్తంభాలకు కట్టేస్తే మగవాళ్లిద్దరికంటే ముందు సంకెళ్ల తాళం తీసుకుని స్తంభం పైకెక్కింది.

మూడో భాగంలో ఆమె చేసేవి తీశారు, తర్వాత కోసేశారు. సెనేటర్లు బెయిల్ ఆర్గానా, మాన్ మోత్మాలతో కలిసి రహస్యంగా సమావేశమై, పాల్పటీన్ అధికారాలను నిలదీసే సెనేటర్ల బృందంలో నిలబడే దృశ్యాలు చిత్రీకరించారు. డీవీడీలో తొలగించిన దృశ్యాల కింద ఇప్పటికీ ఉన్నాయి. అవి పోవడంతో ఏమైందో చూడండి: పాల్పటీన్‌తో రాజీ మాట్లాడమని ఆమె అనకిన్‌ను అడిగే ఒక్క ముక్క మిగిలింది. దాని వెనక ఇంత పని ఉందని సినిమా మాత్రమే చూసినవాళ్లకు తెలియదు. భార్య మీద భర్తకు అనుమానం ఎక్కడ పుట్టిందో కూడా ఆ కోతలోనే పోయింది. కాబట్టి నష్టం ఒక్క పద్మేకి కాదు, అనకిన్‌కు కూడా.

చావు సంగతి. వైద్యం చేసే రోబో 'శరీరం బాగానే ఉంది, బతకాలన్న కోరిక పోయింది' అంటుంది. అంతకుముందే భర్త గొంతు నులిమాడు. ఆ గాయం వల్లే పోయిందని చెప్పి ఉంటే పాపం వాడి ఖాతాలో నిలిచేది, ఆమె బలహీనత కాకుండా పోయేది. ఇంకో మెలిక కూడా ఉంది. 1983 సినిమాలో (పాత మూడింటిలో చివరిది) పద్మే కూతురు లియా తన కన్నతల్లి కొంచెం గుర్తుందనీ, అందంగా, దయగా, దిగులుగా ఉండేదనీ తోబుట్టువు లూక్‌తో అంటుంది. పుట్టిన కాసేపటికే తల్లి పోయిన బిడ్డకు ఇది ఎట్లా గుర్తు? పద్మేను కొన్నేళ్లు బతకనిచ్చి, బిడ్డను దాచుకుంటూ తిరగనిచ్చి ఉంటే ఈ రెండు చిక్కులూ ఒక్కసారే విడిపోయేవి. అంత్యక్రియల ఊరేగింపు అందంగా ఉందని మాత్రం ఒప్పుకోవాలి.

ప్రశ్న: ఓబీ-వాన్ పాత సినిమాల్లో చెప్పింది ఒకటి, కొత్తవాటిల్లో చూపిచ్చింది ఇంకొకటి. యోడా నా గురువు అన్నాడు, తీరా చూస్తే గురువు క్వై-గాన్. ఏది నమ్మాలి? (శ్రీకాళహస్తి)

జవాబు: రెండు కుప్పలు వేసుకోండి. తెర మీద మన కళ్లతో చూసినవి ఒక కుప్ప. ఒక పాత్ర నోటితో చెప్పినవి ఇంకో కుప్ప. మొదటి కుప్పను మార్చకూడదు. రెండోదాన్ని మార్చొచ్చు, ఎందుకంటే పాత్రలు అబద్ధమాడతాయి, మరచిపోతాయి, కొంత దాస్తాయి. వేడరే మీ నాన్నను చంపాడని, వేడర్ కొడుకే అయిన లూక్‌తో చెప్పింది ఓబీ-వానే కదా.

యోడా సంగతి పెద్ద తగాదా కాదు. ఆలయంలో చిన్నపిల్లలందరికీ యోడానే పాఠం చెబుతున్నట్టు రెండో భాగంలో చూపించి అతికించారు. వయసులు కూడా పట్టించుకోదగ్గవే. మూడో భాగంలో ఓబీ-వాన్‌కు 38, అక్కణ్ణించి 1977 సినిమా కథకు 19 ఏళ్లు, అంటే 57. ఆ సినిమాలో ఓబీ-వాన్‌గా చేసిన అలెక్ గిన్నెస్ అప్పటికి అరవై దాటారు, ఎడారి ఎండ అనుకుంటే సరిపోతుంది. అనకిన్‌తోనే తేలదు. 1983లో ముసుగు తీసిన వేడర్‌గా కనిపించిన సెబాస్టియన్ షాకు డెబ్బై దాటాయి. ప్రీక్వెల్ లెక్కలో ఆ పాత్రకు 45. 2004 డీవీడీలో ఆత్మ రూపం దగ్గర ఆయన్ని తీసేసి క్రిస్టెన్సన్‌ను పెట్టారు. ముసుగు కింది ముఖం మాత్రం షాదే.

ఇవన్నీ అతుకులు, పోనీయండి. నిజమైన నష్టం వేరే ఉంది, దాన్ని ఎవరూ అడగరు. 1983 సినిమాలో ఓబీ-వాన్ తన తప్పు ఒప్పుకుంటాడు. యోడా అంత బాగా నేనూ నేర్పగలననుకున్నాను, పొరబడ్డాను అంటాడు. అది గర్వం. ఆ ముసలాయనలో మనకు నచ్చిన లోతు అదే. 1999 సినిమాలో ఏమైంది? ప్రాణం పోతున్న గురువు 'వీడికి నేర్పు' అని మాట తీసుకుంటాడు, శిష్యుడు మాట నిలబెట్టుకుంటాడు. గర్వం పోయి గురుభక్తి వచ్చింది. నిర్ణయం చచ్చిపోయిన గురువుది, ఫలితం అనుభవించింది ఓబీ-వాన్. మనిషి మంచివాడయ్యాడు, పాత్ర చిన్నదైంది. ప్రీక్వెల్స్‌లో ఆ పాత్ర వేసిన ఇవాన్ మెక్‌గ్రెగర్ ఎంత బాగా చేసినా ఆ లోటు పూడలేదు.

బానిసగా ఉన్న అనకిన్ తల్లిని పదేళ్లు జెడైలు ఎందుకు పట్టించుకోలేదని అడిగిన ఇంకో పాఠకుడికి: సినిమాలో దానికి జవాబు లేదు. ఆమెను చివరికి కొని, విడిపించి, పెళ్లాడింది ఒక మామూలు రైతు. జెడైల కళ్లు మూసుకుపోయాయని చెప్పడానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు. ఆ మాట ఏ పాత్ర చేతా అనిపించకపోవడమే తప్పిన అవకాశం.

ప్రశ్న: జార్ జార్ బింక్స్‌ను పెట్టినవాణ్ణి ఏం చెయ్యాలి? (కొర్లగుంట, తిరుపతి)

జవాబు: పెట్టినవాణ్ణి విమర్శించండి, వేసినవాణ్ణి వదిలేయండి. అహ్మద్ బెస్ట్ అనే నటుడు సెట్‌లో ఒళ్లు వంచి నటిస్తే, దాని మీద కంప్యూటర్‌తో కట్టిన, నవ్వించడానికి పెట్టిన గుంగన్ పాత్ర అది. జనం వేధింపులతో చావాలనిపించిందని ఆయన 2018లో చెప్పుకున్నారు. 2023లో 'ది మాండలోరియన్' సీరియల్‌లో జెడైగా తిరిగొచ్చారు, చూడండి.

రాతలో లోపం ఏమిటంటే, ఆ పాత్ర గంభీరమైన యుద్ధంలోనూ కాలు జారి పడుతూ గెలుస్తుంది. అదే సమయంలో అనకిన్ పొరపాటున గెలుస్తున్నాడు. ఒకే ముగింపులో రెండు పొరపాటు గెలుపులు! రెండో భాగంలో పాల్పటీన్‌కు అత్యవసర అధికారాలు ఇవ్వాలని సెనేట్‌లో ప్రతిపాదించేదీ జార్ జారే. వాడి అమాయకత్వాన్ని పెద్దవాళ్లు ఎట్లా వాడుకున్నారో చెప్పే మంచి ఆలోచన, ఒక్క నిమిషంలో దాటేశారు.

ప్రశ్న: నేను ఎస్వీ యూనివర్సిటీలో జియాలజీ చదువుతున్నా. 'ప్రొమీథియస్' (2012)లో జియాలజిస్టును చూసి మా క్లాసంతా నవ్వినాం. మ్యాపు చేసే డ్రోన్లు వదిలినోడే దారి తప్పుతాడా? ఇట్లా శాస్త్రవేత్తలను వెర్రివాళ్లను చేస్తే ఎట్లా? (తిరుపతి)

జవాబు: తిరుమల ఘాట్‌లో ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ (రెండు వేర్వేరు కాలాల రాతి పొరలు కలిసే చోటు) దగ్గర నిలబడి నోట్స్ రాసుకునే మీకు నవ్వు రావడం సహజం. ఫీల్డ్‌లో మొదటి నియమమే అది: నిలబడిన చోటు గుర్తు పెట్టుకో, బ్రంటన్ దిక్సూచితో దిక్కు తీసుకో, పుస్తకంలో రాసుకో, తర్వాతే రాయి ముట్టుకో.

సినిమాలో ఫీఫీల్డ్ గుండ్రటి డ్రోన్లను వదులుతాడు. సొరంగాల మ్యాపు ఓడలో కెప్టెన్ ముందు వెలుగుతుంటుంది. ఫీఫీల్డ్, జీవశాస్త్రవేత్త మిల్‌బర్న్ అందరికంటే ముందు వెనక్కి బయల్దేరి, దారి తప్పి, రాత్రి లోపలే ఇరుక్కుంటారు. మ్యాపు వాళ్ల చేతిలో లేదు, ఓడలో ఉంది అని సర్దిచెప్పొచ్చు. అప్పుడు తుఫానుతో సంకేతాలు ఆగిపోయాయని ఒక్క మాట అక్కడ వినిపించాలి. వినిపించలేదు, పైగా కెప్టెన్ వాళ్లతో మాట్లాడుతూనే ఉన్నాడు.

దారి తప్పడం కంటే పెద్ద తప్పు మిల్‌బర్న్‌ది. చచ్చి వేల ఏళ్లయిన శవాన్ని చూసి బెదిరి వెళ్లిపోయినవాడు, అదే రాత్రి బుస కొట్టే పాములాంటి బతికున్న ప్రాణిని ముద్దు చేయబోతాడు. భయమా, ఉత్సాహమా, ఒకటి తేల్చుకోవాలి. జీవశాస్త్రవేత్తకు కొత్త ప్రాణి అంటే ఆశ ఉంటుంది, నిజమే. ఆ ఆశనే మొదట చూపించి, శవం దగ్గర ఫీఫీల్డ్ బలవంతంగా లాక్కుపోయినట్టు పెడితే, అదే వెర్రిపని అప్పుడు పాత్రకు తగ్గ పని అయ్యేది. హెల్మెట్ తీసేయడమూ అంతే. గాలి పీల్చదగ్గదేనని పరికరం చెప్పింది, సరే. గాలిలోని సూక్ష్మజీవుల సంగతి ఎవరూ ఎత్తరు.

ఏ కథకు ఇది ముందు కథో ఆ 'ఏలియన్' (1979)లోనూ ఒక ఘోరమైన తప్పు జరుగుతుంది. ముఖానికి ప్రాణి అంటుకున్న సహోద్యోగిని లోపలికి తెమ్మంటే రిప్లీ తలుపు తియ్యనంటుంది. క్వారంటైన్ నియమం, 24 గంటలు ఆగాల్సిందే. తలుపు తెరిచింది ఓడలోని సైన్స్ అధికారి యాష్. ఎందుకు తెరిచాడో తర్వాత తెలుస్తుంది: వాడు మనిషి కాదు, ఆ ప్రాణిని తీసుకురమ్మని కంపెనీ పెట్టిన యంత్రం. తప్పు అదే, కానీ దాని వెనక ఒక కారణం ఉంది, కారణం వెనక ఒక యజమాని ఉన్నాడు. భయం సినిమాలో పాత్రలు తప్పు చేయాలి, లేకపోతే కథ లేదు. తొందర, ఆశ, పై అధికారి ఒత్తిడి, వీటిలో ఏదో ఒకటి ఆ తప్పు చేయించాలి. స్క్రిప్టుకు అవసరమై చేయించకూడదు.

'ప్రొమీథియస్' నాయిక ఎలిజబెత్ షా సంగతి కూడా మీరు అడిగారు. అంత కష్టపడి బతికిన మనిషిని తర్వాతి సినిమా 'ఏలియన్: కవెనెంట్' (2017) కెమెరా వెనకే చంపేసింది. దానికి మా దగ్గర సమర్థన లేదు.

ప్రశ్న: 'సోలో' (2018) బాగానే ఉంది కదా, ఎందుకు అందరూ తిడతారు? (పలమనేరు)

జవాబు: సరదాగా ఉంది, ఒప్పుకుంటాం. కానీ పాత సినిమాల్లోని స్మగ్లర్ హాన్ సోలోకు ఇంటిపేరు ఎట్లా వచ్చింది, స్నేహితుడు చ్యూబాకా ఎట్లా దొరికాడు, ఆ తుపాకీ, ఆ ఓడ, వాడు గొప్పగా చెప్పుకునే కెసెల్ పరుగు, అన్నిటికీ ఒకే సినిమాలో రసీదులు ఇచ్చేశారు. ఒక మనిషి జీవితంలో గుర్తుంచుకోదగ్గవన్నీ ఒక్క సాహసంలోనే జరిగాయంటే, మిగతా కాలం ఏం చేశాడట? ఇంటిపేరు అయితే సైన్యంలో చేర్చుకునే గుమాస్తా పెట్టాడు. మళ్లీ అదే, నిర్ణయం ఇంకొకరిది.

అంతకంటే లోతైన చిక్కు చివర్లో ఉంది. దొంగిలించిన విలువైన ఇంధనాన్ని అణగారినవాళ్లకు ఇచ్చేస్తాడు. మంచి పనే. కానీ 1977లో డబ్బు తప్ప ఏదీ పట్టనివాడు ఆఖరి నిమిషంలో మనసు మార్చుకుని తిరిగి రావడమే ఆ పాత్ర ప్రాణం. వాడు పదేళ్ల ముందే మంచివాడైపోయి ఉంటే ఆ తిరిగి రావడంలో ఏముంది?

ప్రశ్న: 'ది క్లోన్ వార్స్' యానిమేషన్ చూస్తే అనకిన్ నచ్చుతాడని అంటారు. 133 ఎపిసోడ్లు చూసే తీరిక లేదు. ఏవి చూడాలి? (పుత్తూరు)

జవాబు: నచ్చుతాడు. రెండో, మూడో సినిమాల మధ్య మూడేళ్ల యుద్ధం తెర వెనకే అయిపోయింది. ఓబీ-వాన్, అనకిన్ ప్రాణమిత్రులని మనకు మాటల్లో చెప్పారే గానీ, రెండో సినిమా నిండా వాళ్లు చేసింది కీచులాట. ఆ ఖాళీని ఈ సీరియల్ నింపింది. 2008లో మొదలై 2020లో ముగిసింది.

నాలుగో సీజన్‌లో 11 నుంచి 13 మొదట చూడండి, బానిసల వ్యాపారుల కథ. బానిసగా పుట్టినవాడికి అక్కడ ఏమవుతుందో సినిమాలు మూడూ ఎక్కడా తడమలేదు. అదే సీజన్‌లో 15 నుంచి 18 వరకు ఓబీ-వాన్ చచ్చినట్టు నటిస్తాడు, అనకిన్‌కు చెప్పరు. మండలి మీద వాడి నమ్మకం చిట్లేది అక్కడే. ఐదో సీజన్ 17 నుంచి 20 తప్పనిసరి. వాడి శిష్యురాలు అసోకా మీద తప్పుడు నేరం మోపి, మండలి ఆమెను వెలివేస్తుంది. ఆరో సీజన్ 5 నుంచి 7లో పద్మే పాత పరిచయస్తుడి మీద అసూయతో వాణ్ణి చావగొడతాడు. ఇది చూశాక మూడో సినిమాలో గొంతు నులమడం హఠాత్తుగా అనిపించదు. పద్మే కోసం అడిగిన పాఠకురాలు మూడో సీజన్ 10, 11 చూడండి, రాజకీయం నడిపే పద్మే అక్కడుంది.

ఏడో సీజన్ 9 నుంచి 12 మాత్రం 'రివెంజ్ ఆఫ్ ది సిత్' చూశాకే. రెండూ ఒకే కాలంలో జరుగుతాయి, ముందు చూస్తే సినిమా దెబ్బ తింటుంది. అన్నీ కలిపి 20 ఎపిసోడ్లు, ఒక్కోటి సుమారు 22 నిమిషాలు. రెండు ఆదివారాల పని. ఇంకో సంగతి, మొదటి సీజన్లు కాలక్రమంలో లేవు. ముందు జరిగింది తర్వాత వస్తే కంగారుపడకండి.

ప్రశ్న: మా బాబుకు పదేళ్లు. 1, 2, 3 అని నంబర్ల వరసలో చూపించమంటారా? (చిత్తూరు)

జవాబు: వద్దమ్మా. నంబర్ల వరసలో చూస్తే వేడర్ లూక్‌కు తండ్రి అన్న రహస్యం ఐదో సినిమాకు రాకముందే పోతుంది. ముందు 4, 5 చూపించండి (పాత మూడు సినిమాలే 4, 5, 6). తర్వాత 2, 3 ఒక గతంలా చూపించి, 6తో ముగిస్తే తండ్రి ఎట్లా పడిపోయాడో తెలిశాక కొడుకు ఎట్లా నిలబడతాడో చూస్తాడు. ఈ వరస అభిమానుల్లో బాగా ప్రచారంలో ఉన్నదే. ఇందులో మొదటి భాగం మొత్తం పోతుంది, దాంతో క్వై-గాన్, రాణిగా పద్మే, అనకిన్ చిన్నతనం పోతాయి. పిల్లవాడికి అందులోని పాడ్‌రేస్ (ఎగిరే బళ్ల పందెం) నచ్చుతుంది కాబట్టి సెలవుల్లో విడిగా చూపించండి.

మీ బాబు వయసుకు ఒక జాగ్రత్త. మూడో భాగం చివర మనిషి కాలిపోవడం దగ్గరగా చూపిస్తారు, పిల్లల హత్య ఉంది. అమెరికాలో ఈ వరసలో పదమూడేళ్లలోపు పిల్లల విషయంలో జాగ్రత్త చెప్పే సర్టిఫికెట్ వచ్చిన మొదటి సినిమా అదే. ఇప్పటికి 4, 5, 6 చాలు. 2, 3 రెండు మూడేళ్లు ఆగినా నష్టం లేదు.

ప్రశ్న: మా కాలేజీ ఫెస్ట్‌కు 12 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. పోయినేడు మేమే తీసిన సైన్స్ ఫిక్షన్ కథకు ప్రీక్వెల్. పైన మీరు తిట్టిన తప్పులు మాకు రాకుండా ఏం చెయ్యాలి? (ఇంజనీరింగ్ విద్యార్థులు, తిరుపతి)

జవాబు: 12 నిమిషాలంటే స్క్రిప్టు 12 పేజీలు, పేజీకి నిమిషం. కెమెరా అద్దెకు తెచ్చేముందు ఒక సాయంత్రం కాగితం మీద పని చేయండి.

పాత సినిమా వేసుకుని, హీరో గురించి చూసినవి ఒక వరసలో, విన్నవి ఇంకో వరసలో రాయండి. చూసినవాటి జోలికి పోవద్దు. విన్నవాటిలో ఒకదాన్ని పట్టుకుని 'ఇది అబద్ధమైతే?' అని అడగండి. చాలాసార్లు కథ అక్కణ్ణించే పుడుతుంది. తర్వాత హీరో ఎక్కడ తేలాలో తెలుసు కాబట్టి, దానికి సరిగ్గా ఎదురుగా మొదలుపెట్టండి. చివర్లో ఎవర్నీ నమ్మనివాడైతే మొదట్లో అందర్నీ నమ్మేవాడు కావాలి. మొదటి నుంచీ ముఖం ముడుచుకుని తిరిగితే 12 నిమిషాల్లో కదిలింది ఏమీ ఉండదు.

ఈ నిడివికి మూడు నిర్ణయాలు చాలు, 3, 7, 10 పేజీల దగ్గర. ఒక్కోటీ ముందుదానికంటే కొంచెం చెడ్డది కావాలి. ప్రతిదానికీ వెంటనే ఒక మూల్యం ఉండాలి, అది తెర మీదే కనిపించాలి. మూడోది అయ్యాక రెండు పేజీలు ఖాళీ ఉంచింది అందుకే. చాలామంది నిర్ణయం దగ్గరే సినిమా ఆపేసి మ్యూజిక్ పెంచేస్తారు, మూల్యం చూపించడానికి నిమిషం మిగలదు.

పాత సినిమాను గుర్తుచేసే మెరుపులు, అంటే ఆ చొక్కా, ఆ డైలాగు, ఆ బైకు, ఒక్కటికి మించి పెట్టొద్దు. ఆ ఒక్కటి కూడా చప్పట్లకు ఆగకుండా కథకు ఉపయోగపడాలి. 'రైజ్ ఆఫ్ ది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' (2011)లో జంతువుల కాపరి 1968 సినిమాలోని ప్రసిద్ధమైన తిట్టు తిడతాడు. అభిమానులు చప్పట్లు కొట్టబోయేలోపే, వాడి చెయ్యి పట్టుకున్న సీజర్ అనే చింపాంజీ మొదటిసారి నోరు తెరిచి 'నో' అంటుంది. పాత డైలాగు కొత్త నిర్ణయానికి మెట్టయింది. సీజర్‌గా ఆండీ సెర్కిస్ చేసిన ఆ దృశ్యాన్ని సౌండ్‌తో ఒకసారి, సౌండ్ లేకుండా ఒకసారి మీ టీమ్ అంతా కలిసి చూడండి.

స్క్రిప్టు అయ్యాక పాత సినిమా చూడని ఒకరి చేత చదివించండి. హాస్టల్ జూనియర్ ఎవరైనా చాలు. ఎక్కడ 'వీడు ఇట్లా ఎందుకు చేశాడు?' అని ఆగితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టమనండి. మీరు పక్కన కూర్చుని వివరించొద్దు. గీత పడిన చోట డైలాగు అతికించి సరిపెట్టకండి. దానికి ముందు పేజీలో హీరో చేసే పని ఒకటి మార్చి చూడండి.